ఎడమ గడిలో వేలిముద్ర

"వేలు నాదేనని సారు తేల్చేశారు కదమ్మా. అయితే నాదే అయ్యుంటుంది. కానీ నేను ఆ షాపులో అడుగు పెట్టలేదు."

తాళాల మేస్త్రి ఈ మాట అంటూ తన కుడిచేతి చూపుడువేలు వైపు చూసుకున్నాడు. ఆ చూపులో కోపం లేదు. చెప్పాపెట్టకుండా ఎక్కడికో వెళ్ళొచ్చిన కొడుకుని తండ్రి చూసే చూపు అది.

జైలు ఇనుప జాలీకి ఇవతల ప్రశ్నలక్క కూర్చుని ఉంది. మేస్త్రి తరఫు లాయరుగారి దగ్గర డిటెక్టివుగా చేరకముందు ఆవిడ ఒక కంపెనీలో వెబ్‌సైట్లు పరీక్షించే ఉద్యోగం చేసింది. తయారైన వెబ్‌సైటు జనం చేతికి వెళ్ళేలోపు దాన్ని ఎన్ని రకాలుగా పాడుచెయ్యవచ్చో చూడటమే ఆ ఉద్యోగం. మనుషుల మాటలనీ అలాగే పరీక్షించేది. మిగతావన్నీ కదపకుండా ఉంచి, ఒక్కటి మాత్రం మార్చి మళ్ళీ అడిగేది. అందుకే కోర్టు గుమస్తాలంతా ఆవిడకి ఆ పేరు పెట్టారు.

షాపు బయట మెట్టు ఎక్కావా అని అడిగింది. లేదన్నాడు. అద్దాల బీరువాకి ఎప్పుడైనా తాళం వేసిపెట్టావా అంది. లేదన్నాడు. ఆ గడియారాల షాపు యజమాని ఇంటికైనా వెళ్ళావా అంటే, ఆయన ముఖమే ఎరగనన్నాడు. తప్పించుకోవాలనుకునేవాడు ఒక్క చోటైనా 'ఎప్పుడో వెళ్ళానేమో' అని సందు ఉంచుకుంటాడు. ఇతను ఒక్క సందూ ఉంచుకోలేదు.

బయట బెంచీ మీద అతని భార్య కూర్చుని ఉంది. రాత్రి నిద్రలో లేచి నడుస్తానా అని భర్త తనను అడిగాడని ఆవిడ చెప్పింది. లేదని చెప్పాక కూడా నమ్మలేదట. వేలిముద్ర అబద్ధం చెప్పదు కదా, మరి నువ్వు నిద్రపోయుంటావు, చూసి ఉండవు అన్నాడట.

"ఆయన తన మీదే నమ్మకం పోగొట్టుకుంటున్నారక్కా," అందామె. "ముందు అది ఆపండి. బెయిలు తర్వాత."

కానీ బెయిలు తర్వాత అనుకునేందుకు వ్యవధి లేదు. గడియారాల షాపు యజమాని తన షాపులోనే తల పగిలి చనిపోయాడు. అద్దాల బీరువా తలుపు మీద ఒకే ఒక్క వేలిముద్ర దొరికింది. తాళాలు చేసేవాళ్ళు లైసెన్సు తీసుకునేటప్పుడు వేలిముద్రలు ఇచ్చి తీరాలి కాబట్టి, మేస్త్రి ముద్ర రికార్డుల్లో ఉంది. రెండూ ఒకటేనని నిపుణుడు రాసిచ్చాడు. ఆ రోజు మధ్యాహ్న భోజన విరామం లోపల జడ్జిగారు ఆ కాగితం మీద ఆధారపడి నిర్ణయం చెప్పబోతున్నారు. బెయిలు దక్కకపోతే మేస్త్రి హత్య కేసు ముగిసేదాకా లోపలే. అప్పటికి ఆ మనిషి తానే చంపానని ఒప్పుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

దేవుడు ఏ రెండు వేళ్ళనీ ఒకేలా చెయ్యలేదు. ఏ వేలు ఎవరిదో చెప్పే పని మాత్రం మనుషులకి వదిలేశాడు. అంత సున్నితమైన పని మన చేతుల్లో ఎందుకు పెట్టాడో అని ప్రశ్నలక్క దారి పొడుగునా ఆలోచించింది. జవాబు తట్టేదాకా పని ఆగదు కదా అనుకుని, కోర్టు ఇచ్చిన అనుమతి కాగితం చేతపట్టుకుని వేలిముద్రల కార్యాలయం మెట్లెక్కింది.

*

పై అంతస్తులో చివరి గది. రెండు టేబుళ్ళు, రెండు కంప్యూటర్లు. కిటికీ పక్కది ఆపరేటరమ్మాయిది. గోడ వైపున్నది పెద్ద తెర ఉన్నది, నిపుణుడిది. ఆయన్ని ఆ కార్యాలయంలోనే కాదు, కోర్టులో కూడా నూటికినూరు సారు అంటారు. బోనులో నిలబడి "ఇది ఆ వేలేనా?" అని అడిగితే "నూటికి నూరు" అని ఒక్క మాట చెప్పి దిగిపోతాడు. ఆయన ఎదుట లాయర్లు రెండో ప్రశ్న వెయ్యరు.

ఆ సమయానికి సారు కింద పెద్దాఫీసరు గదిలో ఉన్నాడు. ప్రశ్నలక్క ఆపరేటరమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మాయ్, నువ్వు చేసే పని నాకు మొదటినుంచీ చేసి చూపించు. చెప్పొద్దు, చేసి చూపించు."

అమ్మాయి చేసి చూపించింది. బ్రౌజర్ తెరిస్తే ఒక పేజీ వస్తుంది. అందులో పక్కపక్కనే రెండు గడులు. నేరం జరిగిన చోట దొరికిన ముద్ర ఎడమ గడిలో, రికార్డుల్లో ఉన్న ముద్ర కుడి గడిలో. ఫోల్డరులో ఉన్న ఫోటోని మౌసుతో పట్టుకుని లాక్కొచ్చి గడిలో వదిలితే అది అందులో కూర్చుంటుంది. అంతకుముందు అక్కడేమైనా ఉంటే దాన్ని తీసేసి కొత్తది కూర్చుంటుంది. పేజీ తనంతట తానే దాచుకుంటుంది, అడగదు. కేసు ముద్రని ఎక్కించాక ఫోల్డరులోంచి తీసెయ్యడం పద్ధతి. ఫోటోని పెద్దది చేస్తే గడిలో మధ్యభాగమే కనిపిస్తుంది. అంచులు చూడాలంటే మౌసు నొక్కిపట్టి ఫోటోని అటూ ఇటూ జరుపుకోవాలి.

"నువ్వు జరపడం లేదే?"

"నేను చక్రం తిప్పుతానక్కా, పైకీ కిందకీ అదే వెళ్తుంది. సారు మాత్రం పట్టి లాగుతారు. ఆయనకి అదే అలవాటు."

ప్రశ్నలక్క పెన్ను అడిగింది. అమ్మాయి తన దగ్గర లేక సారు టేబులు సొరుగు లాగింది. పెన్ను కనపడలేదు. సొరుగు నిండా మౌసులు. తోకలు చుట్టి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి.

"ఇదేమిటమ్మా, ఇది సొరుగా, శ్మశానమా?"

అమ్మాయి నవ్వాపుకుంది. అవి సారు మౌసులట. ఆయన టేబులు దగ్గర మౌసులు ఊరికే పాడవుతాయట. ఫోటోని లాగి వదిలాక కూడా అది బాణం గుర్తుకి అంటుకునే ఉంటుందట, చెయ్యి ఎటు కదిపితే అటు వస్తుందట. 'జిగురు పట్టింది' అంటారట దాన్ని. జిగురు పట్టినప్పుడల్లా సారు విసుక్కోవడం, బాగుచేసే అతను వచ్చి కొత్త మౌసు పెట్టి వెళ్ళడం మామూలైపోయింది.

ప్రశ్నలక్క సొరుగులోంచి ఒక మౌసు తీసి అమ్మాయి కంప్యూటరుకి తగిలించింది. లాగింది, వదిలింది. పనిచేసింది. రెండోది తగిలించింది. అదీ పనిచేసింది. మిగతావి కూడా వరసగా చూసింది. ఒక్కదానికీ ఏ జబ్బూ లేదు.

"బతికున్నవాళ్ళని పాతిపెట్టారమ్మా," అంది నెమ్మదిగా. "రోగం వీటిది కాదు."

తర్వాత ఆవిడ తన పాత ఉద్యోగపు పద్ధతిలో దిగింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కొత్త మౌసు తీసుకెళ్ళి సారు కంప్యూటరుకి పెట్టింది, ఫోటో లాగింది, జిగురు పట్టింది. అంటే మౌసు కాదు. వేరే ఫోటో తెరిచింది, మళ్ళీ పట్టింది. అంటే ఫోటో కాదు. అదే కంప్యూటరులో అమ్మాయి వాడే కొత్త బ్రౌజర్ ఉందేమో వెతికి, అదే పేజీని అందులో తెరిచింది. ఫోటో వెన్నలా జరిగింది. వదిలితే వదిలింది.

సారు వాడేది పాత బ్రౌజర్. అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయని దాన్ని మార్చనివ్వడట.

విషయం సగం అర్థమైంది. వెబ్‌ పేజీలో ఏ బొమ్మనైనా పట్టుకుని లాగితే, దాన్ని ఎత్తుకుని ఇంకోచోట వదిలే అవకాశం బ్రౌజర్ తనంతట తాను ఇస్తుంది. పేజీ తయారుచేసినవాళ్ళు 'ఈ బొమ్మని నువ్వు ఎత్తకు, నేను జరుపుకుంటాను' అని బ్రౌజర్‌కి చెప్పాలి. చెప్పారు, కొత్త బ్రౌజర్‌కి అర్థమయ్యేలాగే చెప్పారు. పాతదానికి ఆ మాట తలకెక్కలేదు. అందుకని ఒకే బొమ్మని ఇద్దరు పట్టుకుంటున్నారు. పేజీ జరుపుతున్నాననుకుంటుంది. బ్రౌజర్ ఎత్తుకుపోతున్నాననుకుంటుంది. చెయ్యి వదిలిన కబురు బ్రౌజర్ దగ్గరే ఆగిపోయి పేజీకి చేరదు. జిగురంటే అదే.

మరి ఎత్తుకుపోయిన బొమ్మ ఎక్కడ దిగుతోంది?

ఆవిడ మళ్ళీ మళ్ళీ లాగి చూసింది. బొమ్మ వెంట పల్చటి నీడలాంటిది కదులుతోంది తప్ప, గడుల్లో ఏ మార్పూ లేదు. పైకి లాగింది. కిందకి లాగింది. మెల్లగా, గబగబా. ఏమీ కాలేదు. గోడ గడియారం ముల్లు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

"ఏమిటమ్మా, నా కుర్చీలో కూర్చుని దేవుడికి హారతి పడుతున్నారా? చెయ్యి అలా తిప్పుతున్నారు."

గుమ్మంలో నూటికినూరు సారు నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఉన్నాడు.

*

ఆవిడ లేచి కుర్చీ ఆయనకిచ్చింది. వచ్చిన పని దాచలేదు. కోర్టు ఇచ్చిన నకళ్ళు టేబులు మీద పరిచింది. ఎడమ గడి ముద్రలోనూ, కుడి గడి ముద్రలోనూ అడుగున ఒకే చోట వెంట్రుకంత సన్నటి గీత ఉందని చూపించింది.

"ప్రింటరు గీత," అన్నాడాయన చూడకుండానే.

"నిన్న లైసెన్సు ఆఫీసుకి వెళ్ళొచ్చానండీ. అక్కడ వేలిముద్రలు తీసే గాజుపలక మీద గీత పడి ఉంది. అక్కడ ముద్ర ఇచ్చిన ప్రతివాళ్ళ ఫోటోలోనూ ఈ గీత ఉంది. కుడిదాంట్లో ఉండటం న్యాయమే. గడియారాల షాపు బీరువా మీద ముద్రకి ఆ గీత ఎలా వచ్చిందో మీరే చెప్పాలి."

ఆయన కళ్ళద్దాలు దించుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం పక్కకి నెట్టేశాడు. ఈ కుర్చీలో కూర్చుని ముద్రలు చూస్తూ తన జుట్టు తెల్లబడిందనీ, మౌసు పట్టుకోవడం నిన్న నేర్చుకున్నవాళ్ళు వచ్చి తనకి పాఠం చెప్పనక్కర్లేదనీ అన్నాడు. లాయర్లకి సాక్ష్యం మీద నోరు పెగలనప్పుడు కంప్యూటరు మీద పడతారని కూడా అన్నాడు.

ప్రశ్నలక్క నొచ్చుకోలేదు. నొచ్చుకునే తీరిక లేదు. అబద్ధమాడేవాడు ఇంత సేపు ఆ గీతని చూడడు. ఈయన అబద్ధికుడు కాడు, ఆ సంగతి ఆవిడకి తెలిసిపోయింది. తన చేతిని తాను నమ్ముకున్న మనిషి. మేస్త్రికి పోయిన నమ్మకం ఈయన దగ్గర కాస్త ఎక్కువగా ఉంది, అంతే.

"పాఠం చెప్పడానికి రాలేదండీ, నేర్చుకోవడానికే వచ్చాను," అంది. "మీరు ముద్ర ఎలా చూస్తారో ఒక్కసారి చూపిస్తే వెళ్ళిపోతాను."

ఈ మాట అంటూ ఆపరేటరమ్మాయి వైపు చూసింది. సారు రాకముందే ఇద్దరూ అభ్యాసం కోసమని ఒక ఉత్త కేసు తెరిచి, అందులో రెండు ముద్రలు పెట్టి ఉంచారు. అవి ఎవరివో ఆయనకి చెప్పలేదు.

నూటికినూరు సారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఎవరైనా పని చూపించమంటే కాదనలేని మనిషి అని అమ్మాయి ముందే చెప్పింది. కుడి గడిలో ముద్రని పెద్దది చేశాడు. మధ్యభాగం చూశాడు. కుడి అంచు చూడాలి, అంటే ఫోటోని ఎడమకి లాగాలి. ఆయన లాగిన తీరు చూసి ప్రశ్నలక్క ముందుకి వంగింది.

ఆవిడ లాగినట్టు చిన్నచిన్నగా కాదు. బట్టల కొట్టువాడు గుడ్డ కొలిచినట్టు బారెడు లాగుడు. మౌసు టేబులు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళింది. ఆయన చూపు కుడి అంచు మీదే ఉంది. పల్చటి నీడ కుడి గడి దాటింది, ఎడమ గడి మీదకి వెళ్ళింది. అక్కడ ఆయన వేలు వదిలాడు.

ఎడమ గడి ఒక్క రెప్పపాటు తెల్లబడి మళ్ళీ నిండింది.

"చూశారా, జిగురు," అని ఆయన విసుగ్గా రెండుసార్లు నొక్కి వదిలించుకున్నాడు. తర్వాత తీరిగ్గా ఎడమదాన్ని చూశాడు, కుడిదాన్ని చూశాడు. గీతలు చీలిన చోట్లు, ఆగిన చోట్లు పెన్సిలు మొనతో ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చాడు. మంచి గురువు చెప్పినట్టు చెప్పాడు. ఆవిడకి ఆ మనిషి మీద గౌరవం కలిగింది, ఆ వెనకే జాలి కలిగింది.

"ఇంతకీ ఇవి రెండూ ఒకరివేనా అండీ?"

"సందేహం ఎందుకు? ఒకే వేలు. నూటికి నూరు."

"ఎడమ గడిలో పెట్టింది ఈ అమ్మాయి ముద్రండీ. కుడి గడిలోది నాది."

ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. అమ్మాయి తలదించుకుని, అవును సార్ అంది. ఫోల్డరు తెరిచి తన అసలు ముద్ర చూపించింది. అందులో గీతలు సుడి తిరిగి ఉన్నాయి. ఎడమ గడిలో ఇప్పుడున్న ముద్రలో గీతలు వంపు తిరిగి వెనక్కి వస్తున్నాయి. పసిపిల్లాడు చూసినా తేడా తెలుస్తుంది.

ఆయన మళ్ళీ లాగాడు. ఈసారి ఎడమ గడినే చూస్తూ లాగాడు. నీడ దాటడం, దిగడం, గడి తెల్లబడటం తన కళ్ళతో చూశాడు. మూడోసారి కూడా లాగాడు. ప్రశ్నలక్క వారించలేదు. పరీక్ష ఎవరికి వాళ్ళు చేసుకుంటేనే నమ్మకం.

*

ఆవిడ సంచీలోంచి కాగితం తీసింది. ఆ గీతని చూసి అనుమానంతో లాయరుగారు ముందే రాయించిన నాలుగు వాక్యాలే. ఈ కంప్యూటరులో ఒక గడి బొమ్మ ఇంకో గడిలోకి పోయే లోపం ఉందని, మేస్త్రి కేసులో తన నివేదికని వెనక్కి తీసుకుంటున్నానని, బీరువా మీదనుంచి ఎత్తిన అసలు ముద్ర కోర్టు వారి దగ్గర సీలు వేసి ఉంది కాబట్టి దాన్ని తెరిపించి కొత్తగా పోల్చమని కోరుతున్నానని. నిపుణుడి సంతకం లేనిదే కోర్టు ఆ సీలు తియ్యదు.

ఆయన చదివాడు. సంతకం పెట్టలేదు.

"దీని అర్థం మీకు తెలుసా?" అన్నాడు. గొంతులో ఇందాకటి వెటకారం లేదు. "ఈ ఒక్క కేసుతో ఆగదమ్మా. ఈ టేబులు మీద నేను తేల్చిన ప్రతివాడూ రేపు కోర్టుకెక్కుతాడు. పిల్లల్ని ఎత్తుకుపోయినవాళ్ళున్నారు, నిద్రలో గొంతు కోసినవాళ్ళున్నారు. నిజంగా చేసినవాళ్ళు. వాళ్ళంతా ఈ కాగితం ఊపుకుంటూ బయటికొస్తారు. ఒక్క తాళాలవాడి కోసం అంతమందిని వదలమంటారా?"

ఇది ఊరికే అన్న మాట కాదని ప్రశ్నలక్కకి తెలుసు. జవాబు చెప్పేముందు మనసులో దేవుణ్ణి తలుచుకుంది. ఏం చెప్పమంటావని అడిగింది. దేవుడు ఎప్పట్లాగే ఆవిడకే వదిలేశాడు.

"చేసినవాళ్ళ అసలు ముద్రలు కూడా సీలు వేసి ఉన్నాయి కదండీ. మళ్ళీ పోల్చినా మీకు అదే జవాబు వస్తుంది. భయపడాల్సింది వాళ్ళ గురించి కాదు." కాగితం ఆయన ముందుకి జరిపింది. "చెయ్యనివాళ్ళు లోపల ఎందరున్నారో మనకి తెలియదు. తెలుసుకోవాలని మీకు లేదా?"

ఆయన తెర వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ వీపు చూస్తే మొండికేసినట్టే ఉంది. అమ్మాయి గడియారం వైపు సైగ చేసింది. ఇక్కణ్ణించి కోర్టుకి వెళ్ళాలంటే ఇప్పుడే బయల్దేరాలి. ప్రశ్నలక్క కదల్లేదు. ఈ మనిషిని తొందరపెడితే సంతకం రాదు, తొందరపెట్టకపోతే కోర్టు దొరకదు. అయినా నిలబడే ఉంది.

"పాత కేసు ఒకటి తెరువు," అన్నాడాయన చివరికి, అమ్మాయితో. నంబరు చెప్పాడు. ఏ కాగితమూ చూడకుండా, నోటికి వచ్చిన లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు.

రెండు ముద్రలు వచ్చాయి. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అడుగున గీత కోసం చూశాడు. లేదు. ఆ మనిషి రాత్రి కాపలా ఉద్యోగానికి ముద్రలు ఇచ్చింది వేరే ఆఫీసులోనట. ఆయన భుజాలు కాస్త దిగాయి. "చూశారా, ఇది సరిగ్గానే ఉంది," అన్నాడు.

"గీత లేకపోతే సరిపోదండీ. ఇంకో రకంగా చూడండి."

ఎలా చూడాలో ఆవిడ చెప్పనక్కర్లేదు. ఆయనకే తెలుసు. మనిషి చర్మం రబ్బరులాంటిది, అదే వేలు అదే చోట రెండుసార్లు నొక్కినా గీతలు అచ్చంగా ఒకదాని మీద ఒకటి పడవు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఈ మాట చెప్పేది ఆయనే. ఒక ముద్రని పల్చన చేసి రెండోదాని మీద పరిచే బటన్ ఆ పేజీలోనే ఉంది. కంటిచూపు మీద ధీమాతో ఆయన ఎప్పుడూ దాన్ని వాడలేదు.

ఇప్పుడు నొక్కాడు.

ఎడమ ముద్ర మెల్లగా వచ్చి కుడి ముద్ర మీద కూర్చుంది. ఒక్క గీత కూడా రెండుగా కనపడలేదు. చుక్క మీద చుక్క, గీత మీద గీత. ఒకే ఫోటో.

ఆపరేటరమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ కేసు ఎవరిదో ఆమెకి తెలుసని ప్రశ్నలక్కకి అప్పుడు అర్థమైంది.

"ఎవరండీ ఇతను?"

ఆయన బటన్ మళ్ళీ నొక్కి ముద్రల్ని విడదీశాడు.

"మా ఆవిడ తమ్ముడు," అన్నాడు. "నేనే పెంచాను. చెయ్యలేదు బావా అని నా కాళ్ళు పట్టుకున్నాడు. వేలు అబద్ధం చెప్పదురా అన్నాను. బోనెక్కి నేనే చెప్పాను. ఆ రోజునుంచీ మా ఆవిడ నాకు అన్నం పెడుతోంది, మాట మాత్రం పెట్టడం లేదు."

శిక్ష ఎన్నేళ్ళని ప్రశ్నలక్క అడగలేదు. జీవితంలో ఆవిడ మింగేసిన ప్రశ్నలు చాలా తక్కువ, అది వాటిలో ఒకటి.

నూటికినూరు సారు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. మేస్త్రి కేసు నంబరు కింద, తన చేత్తో, రెండో నంబరు రాశాడు. 'ఈ టేబులు మీద చూసిన మిగతా కేసులన్నీ' అని ఇంకో వాక్యం కలిపాడు. కింద సంతకం పెట్టాడు. తర్వాత కంప్యూటరు వెనక్కి వంగి, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకుండా వైరు పీకేసి, అమ్మాయి చేతికిచ్చి బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నాడు.

"మీరు ఇస్తే కోర్టు ఈ కాగితం చదువుతుంది. నేను బోనెక్కి చెబితే వింటుంది. నేనూ వస్తాను," అన్నాడు చొక్కా సవరించుకుంటూ.

ప్రశ్నలక్క అప్పటికే గుమ్మం దాటింది. మెట్ల దగ్గర ఆయన ఆవిడని కలుసుకున్నాడు. రెండు మెట్లు దిగి ఆగాడు.

"దారిలోనే మా ఇల్లు," అన్నాడు. "ఆటో ఒక్క నిమిషం ఆపండి. ఆవిణ్ణి కూడా ఎక్కించుకుందాం. పొరపాటు నాదేనన్న మాట నేను బోనులో చెప్పేటప్పుడు ఆవిడ ఎదురుగా ఉండాలి."